బండి బాగైంది

బండి మళ్ళీ ఆగిపోయిందని ఆమెకి చూడకముందే తెలిసింది. ఇంజను చప్పుడు లేదు. వీధి మలుపు దగ్గర్నుంచి బరువైన చక్రాలు దొర్లుకొస్తున్న సవ్వడి, దాని వెనకే ఒక మనిషి ఆయాసం. బ్యాటరీలోని యాసిడ్‌ని, దాని చిక్కదనం చూడ్డానికని, అప్పుడే గాజు గొట్టంలోకి లాగింది. గొట్టంలోని బుడ్డి ఎంత ఎత్తున తేలిందో చూడకుండానే యాసిడ్‌ని మళ్ళీ బ్యాటరీ కన్నంలోకి వదిలేసి, చేతులు తుడుచుకుంది.

వీధిలో అందరూ ఆమెను బ్యాటరీ అక్క అంటారు. కింద షాపు, పైన ఇల్లు. షాపులో గోడ పొడుగునా చెక్కబల్ల, బల్ల మీద ఛార్జింగుకి పెట్టిన బ్యాటరీలు, వాటి కన్నాల్లోంచి బుడబుడమంటూ లేచే బుడగలు. యాసిడ్ చుక్కలు పడీ పడీ ఆమె బట్టలు జల్లెడలయ్యాయి. భర్త ఉన్నప్పుడు డైనమోలు ఆయన చూసేవాడు, బ్యాటరీలు ఈమె చూసేది. ఇప్పుడు రెండూ ఆమే.

కొడుకు బండిని లోపలికి తోసి, స్టాండైనా వేయకుండా గోడకి ఆనించేశాడు. తండ్రి నడిపిన బండి అది. నల్లటి ఇనుప శరీరం, ట్యాంకు మీద బంగారు గీత, పెద్ద గుండ్రటి లైటు. వాడి పని ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూడ్డం. ఆ పనికి తేలికపాటి కొత్త బండి కొనుక్కోరా అని ఆమె చెప్పి చెప్పి ఊరుకుంది. సిగ్నల్ దగ్గర ఆగితే కార్లవాళ్ళు అద్దాలు దించి మరీ ఆ బండిని చూస్తారు. వాడికి ఆ చూపులు కావాలి. అదే సిగ్నల్ దగ్గర బండి చచ్చిపోతే మళ్ళీ ఆ మనుషులే హారన్లు కొడతారు.

"ఎక్కడ ఆగింది?"

"వంతెన ఎక్కే చోట." వాడు హెల్మెట్ తీశాడు. ఎడమ చెవి కందిపోయి, చెంపదాకా వాచి ఉంది. "వెనక వ్యానువాడు దిగొచ్చి, హెల్మెట్ లాగేసి కొట్టాడు. నేను కిక్కు కొడుతూనే ఉన్నాను, వాడు నన్ను కొడుతూనే ఉన్నాడు. చుట్టూ ఎంతమందో. ఒక్కడు అడ్డం రాలేదు."

"ఏదీ, చెవి చూడనీ."

"నువ్వు బ్యాటరీ చూడు," అని వాడు చేతిలో ఉన్న హెల్మెట్‌ని గోడకేసి కొట్టాడు. అది తగిలి అరలోంచి ఒక గాజు సీసా కిందపడి పగిలింది. నీళ్ళు నేల మీద పాకుతుంటే వాటిని దాటుకుంటూ మెట్లెక్కాడు.

ఆమె చీపురు తీసుకుని గాజుపెంకులు ఊడ్చింది. పైన కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. కోడలు ఏదో అడిగింది, మాటలు తెలియలేదు, అడిగినట్టు మాత్రం తెలిసింది. జవాబు లేదు. గిన్నె ఒకటి పడి గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది. తరవాత గోడకి ఏదో మెత్తగా తగిలిన చప్పుడు. మళ్ళీ అదే చప్పుడు. పై నుంచి సున్నం రజను బల్ల మీదికి రాలింది.

పక్క కొట్లో పంక్చర్లు వేసే పెద్దాయన రేడియో గొంతు పెంచాడు.

ఆమె బండి పక్కపలక విప్పి, బ్యాటరీకి మీటరు తగిలించింది. ముల్లు లేచినట్టే లేచి పడిపోయింది. "ఏమీ లేదు ఇందులో," అంది పైకే. పైనుంచి చప్పుళ్ళు ఆగేదాకా టెర్మినళ్ళ మీది తెల్లటి బూజు గీకుతూ కూర్చుంది. ఎంత గీకినా ఇంకా ఉందనిపించింది.

కాసేపటికి కోడలు మెట్ల మీద కనిపించింది. కింది పెదవి చిట్లి ఉంది. ఒక కన్ను సగమే తెరుచుకుంటోంది.

"అత్తయ్యా, దూది ఉందా?"

కొత్త చుట్ట విప్పి ఇచ్చింది. కోడలు అక్కడే మెట్టు మీద కూర్చుని, దూది పెదవికి అద్దుకుని, ఎర్రబడ్డ దూదిని వేళ్ళతో నలుపుతూ ఉండిపోయింది.

"రేపు బండి మొత్తం విప్పి చూస్తాను," అంది అత్త. "ఇంకెప్పుడూ ఆగకుండా చేస్తాను."

"అలాగే అత్తయ్యా."

"ఆగితేనే కదా వాడికి అంత పిచ్చి."

కోడలు తలెత్తి చూసింది.

*

మర్నాడు కొడుకు పనికి వెళ్ళలేదు. చెవి నొప్పని పైన పడుకున్నాడు. ఆమె వచ్చిన పనులన్నీ పక్కకి నెట్టి, బండిని షాపు మధ్యకి లాగి, కింద గోనెపట్టా పరుచుకుని కూర్చుంది.

ముందు డైనమో ఊడదీసింది. లోపల కార్బన్ బ్రష్షులు అరిగి గోరంత మిగిలాయి. అవి ఒరుసుకుని తిరిగే రాగి చక్రం మీద మసి పేరుకుని ఉంది. ఆమె సన్నటి గరుకుకాగితం ముక్క చుట్టి, ఒక చేత్తో తిప్పుతూ, రాగి బయటపడేదాకా రుద్దింది. రాగి పలకల మధ్య గాడుల్లో ఇరుక్కున్న మసిని విరిగిన రంపపు ముక్కతో ఒక్కొక్కటీ తీసింది. తరవాత కటౌటు పెట్టె మూత విప్పింది. డైనమోలో పుట్టిన కరెంటు బ్యాటరీకి పోవాలా వద్దా అని చూసుకునే పెట్టె అది. లోపలి కొనలు కాలి నల్లగా అంటుకుపోయి ఉన్నాయి. ఎర్త్ వైరు కొనని ఎవరో రంగు మీదే బిగించేశారు. రంగు గీకి, ఇనుము తెల్లగా మెరిశాక మళ్ళీ బిగించింది.

ఇన్ని తప్పులు దొరికినందుకు ఆమెకి లోపల ఎక్కడో సంతోషంగా ఉంది. ఒక్కో తప్పు దొరికినప్పుడల్లా, "అదీ సంగతి," అనుకుంది.

పంక్చర్ల పెద్దాయన వచ్చి గుమ్మంలో నించున్నాడు. చేతిలో టైరు ఊడదీసే ఇనుప పట్టీ ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"అక్కా, ఒక మాట అననా?"

"అనకు."

ఆయన పట్టీ తిప్పడం ఆపి, "ఆ పిల్ల మొహం చూశాను పొద్దున," అన్నాడు.

"నేనూ చూశాను. బండి బాగుచేస్తున్నాను కదా."

పెద్దాయన బండి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "సరే," అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం కోడలు టీ తెచ్చింది. వాపు తగ్గలేదు గానీ కన్ను కాస్త తెరుచుకుంది. అత్త ఒక వైరు కొన చేతికిచ్చి పట్టుకోమంది. ఇద్దరూ లైటు గిన్నె మీదకి వంగారు. అక్కడ బ్యాటరీకి కరెంటు చేరుతోందో లేదో చూపే రూపాయి బిళ్ళంత మీటరు, అందులో వెంట్రుకంత సన్నటి ముల్లు.

"ఇది ఎందుకు ఆగిపోతూ ఉంటుంది అత్తయ్యా?"

"ఊరు దాటి జోరుగా పోయే రోడ్ల కోసం చేసిన బండి ఇది. ఇంజను గట్టిగా తిరిగితేనే బ్యాటరీ నిండేది. ఊళ్ళో ప్రతి సందుకీ ఆగాలి. ఆగినప్పుడల్లా బ్రేకు లైటు, పగలంతా పెద్ద లైటు, ఆపైన హారను. వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. చివరికి ప్లగ్గులో నిప్పు పుట్టడానికి కూడా మిగలదు. అప్పుడిక ఎంత తన్నినా లేవదు."

కోడలు ఆ ముల్లునే చూస్తోంది. "తన్నితే ఎలా లేస్తుంది, లోపల ఏమీ లేకపోతే," అంది నెమ్మదిగా.

"అందుకే చిన్న బల్బులు వేస్తున్నాను. తక్కువ తాగుతాయి. బ్యాటరీ కూడా కొత్తది పెడుతున్నాను. నీకు భయమక్కర్లేదు."

పైనుంచి కొడుకు పిలిచాడు. కోడలు చేతిలో వైరు వదలలేక అత్త మొహంలోకి చూసింది. అత్త వైరు అందుకుంది. కోడలు రెండేసి మెట్లు ఎక్కుతూ వెళ్ళింది. ఆ పరుగు బ్యాటరీ అక్కకి నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో ఆలోచించకుండా స్పానరు తీసుకుంది.

*

సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి ఆమె బండిని తనే బయటికి తీసింది. పెళ్ళైన కొత్తలో మొగుడు నేర్పిన విద్య, చేతులింకా మర్చిపోలేదు. పెద్ద వయసు మనిషి అంత బండి మీద పోతుంటే జనం తిరిగి చూశారు. ఆమె ఎవరినీ చూడలేదు. లైటు గిన్నె మీది ముల్లునే చూసింది.

వంతెన దగ్గరికి వచ్చేసరికి రోడ్డు గడ్డకట్టుకుపోయింది. ముందు కార్లు, వెనక లారీలు, మధ్యలో పొగ. ఇంజను వేడి మోకాళ్ళని కాలుస్తోంది. ముల్లు మధ్య గీత కన్నా ఎడమకి జారింది, అంటే బ్యాటరీ ఖర్చవుతోంది. ఆమె యాక్సిలరేటరు రవ్వంత తిప్పి పట్టుకుంది. ముల్లు మధ్యకి వచ్చి, వణుకుతూ, అక్కడే నిలబడింది.

పక్క వరసలో గొడవ మొదలైంది. ఒక టాక్సీ ఒక సైకిలు మనిషిని రాసుకుంటూ పోయినట్టుంది. సైకిలాయన టాక్సీ అద్దం మీద అరచేత్తో కొట్టాడు. టాక్సీవాడు దిగి, ఒక్క మాట కూడా అనకుండా, ఆయన జుట్టు పట్టుకుని మొహాన్ని కారు ముందు రేకుకేసి కొట్టాడు. రెండోసారి కొట్టాక రేకు మీద రక్తం కనిపించింది. సైకిలాయన చేతులు గాలిలో దేన్నో పట్టుకోబోయి పడిపోయాయి. ఎవరో వీడియో తీస్తున్నారు. ఎవరో నవ్వారు కూడా. సిగ్నల్ పచ్చబడింది. టాక్సీవాడు చేయి దులుపుకుని ఎక్కి, మిగిలినవాళ్ళ కన్నా ముందే కదిలిపోయాడు.

ఆమె వెనక లారీ హారను మోగింది. ఎవరో బండి వెనక మడ్‌గార్డు మీద బాదారు. "కదులమ్మా, నిద్రపోతున్నావా," అన్న గొంతు చెవిలో పడింది. ఇప్పుడు గనక ఇంజను ఆగితే ఏమవుతుందో ఆమెకి కళ్ళకి కట్టినట్టు కనిపించింది. ఆగలేదు. గేరు పడింది, బండి వంతెన ఎక్కింది.

రోజూ వీడు పడుతున్నది ఇదా, అనుకుంది. కొడుకు మీద జాలి ముంచుకొచ్చింది. ఆ జాలి ఎంత హాయిగా ఉందంటే, నిన్న సున్నం రాలిన సంగతి దాని కిందికి వెళ్ళిపోయింది. నదిని దాటి, మళ్ళీ తిరిగొచ్చి, ఇంకో రెండు రద్దీ కూడళ్ళలో కావాలనే ఆగి ఆగి నడిపింది. ముల్లు పడలేదు. కిక్కు ఒక్కటి కొడితే చాలు, లేచింది.

తిరిగొచ్చే దారిలో కారు ముందు రేకు మీది రక్తం మళ్ళీ గుర్తొచ్చింది. నేను దిగాల్సింది, అనుకుంది. బండి ఎక్కడ ఆగిపోతుందోనని దిగలేదు.

*

కొడుకు మర్నాడు బండేసుకుని పనికి వెళ్ళి, సాయంత్రం ఈల వేస్తూ వచ్చాడు. ఒక్కసారి కూడా ఆగలేదట. వంతెన దగ్గర ఎవరో బండితో ఫోటో దిగుతానంటే దిగనిచ్చాడట. "నీ చేతిలో ఏదో ఉందమ్మా," అన్నాడు. వస్తూ వస్తూ పళ్ళు తెచ్చాడు. పెళ్ళాన్ని పిలిచి వెనక ఎక్కించుకుని నది దాకా తిప్పుకొచ్చాడు. ఆ పిల్ల ఒక చేత్తో సీటు పట్టుకుని, రెండో చేయి అతని భుజం మీద వేయాలా వద్దా అన్నట్టు గాలిలో ఉంచింది. చివరికి వేసింది.

బ్యాటరీ అక్క గుమ్మంలో నించుని చూసింది. పంక్చర్ల పెద్దాయన వైపు కూడా ఒకసారి చూసింది, చూశావా అన్నట్టు. ఆయన టైరు లోపలి గొట్టాన్ని నీళ్ళలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో వెతుకుతున్నాడు.

ఆ తరవాతి రోజు కూడా బండి బాగానే వచ్చింది. నల్లటి ట్యాంకుని చొక్కా చేత్తో తుడిచి, "వెన్నలా నడుస్తోంది," అంటూ మెట్లెక్కాడు కొడుకు.

ఆమె ఒక లారీ బ్యాటరీలో నీళ్ళు పోస్తోంది. మూడో కన్నం దగ్గర ఉండగా పైన కుట్టుమిషన్ ఆగింది. కొడుకు గొంతు మామూలుగానే ఉంది. "కుర్చీ ఎవరు జరిపారు?"

"వెలుతురు కోసం నేనే, మిషను కిటికీ దగ్గర..."

"ఎవరిని అడిగి జరిపావు?"

ఆ పిల్ల ఏమందో వినిపించలేదు. కుర్చీ నేల మీద ఈడ్చిన చప్పుడు. తరవాత ఆ మెత్తటి చప్పుడు.

ఆమె చేతిలో నీళ్ళ సీసా అలాగే వంగి ఉండిపోయింది. కన్నం నిండి, నీళ్ళు బ్యాటరీ మీంచి బల్ల మీదికి, బల్ల మీంచి ఆమె కాళ్ళ మీదికి కారాయి. ఎదురుగా బండి ఉంది. ఇంజను ఇంకా వేడి తగ్గక టిక్కు టిక్కుమంటోంది. వైర్లన్నీ వాటి చోట్లలో ఉన్నాయి. బ్యాటరీ నిండుగా ఉంది. అందులో ఆమెకి తెలిసి ఏ తప్పూ లేదు.

పక్క కొట్లో రేడియో గొంతు పెరిగింది.

ఆమె సీసా కింద పెట్టి మెట్లెక్కింది. తలుపు దగ్గరికే వేసి ఉంది, నెట్టింది.

కొడుకు కిటికీ దగ్గర నించుని ఉన్నాడు. కోడలు నేల మీద మోకాళ్ళ మీద ఉంది. ఆ పిల్ల కుడిచేయి మణికట్టు దగ్గర వాడి చేతిలో ఉంది. వాడు దాన్ని బిగుసుకున్న సీసా మూతని తిప్పినట్టు తిప్పుతున్నాడు, తొందరేమీ లేకుండా. ఆ పిల్ల అరవడం లేదు. నోరు తెరిచి ఉంది గానీ అందులోంచి ఏమీ రావడం లేదు.

"వదలరా," అంది తల్లి.

వాడు తల తిప్పి చూశాడు. చూస్తూనే ఇంకాస్త తిప్పాడు. ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడైంది. అప్పుడు అరిచింది కోడలు.

తల్లి వెళ్ళి రెండు చేతులతో వాడి చేయి పట్టుకుని లాగింది. వాడు మోచేత్తో ఒక్క తోపు తోశాడు. ఆమె భుజం గుమ్మానికి కొట్టుకుని కిందపడింది. వాడు పెళ్ళాం చేయి వదిలేసి, నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు.

"నువ్వెందుకొచ్చావు పైకి?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే తెలియక అడిగినట్టు. "ఇలాంటప్పుడు ఎప్పుడూ రావుగా."

ఆమె గుమ్మం పట్టుకుని లేవబోయింది. ఆమె నోట్లోంచి అనుకోని మాట వచ్చింది. "బండి బాగానే ఉంది కదరా."

"బండికేమైంది?" అన్నాడు వాడు.

*

ఆసుపత్రిలో చేతికి కట్టు వేస్తున్నంతసేపూ కొడుకు పెళ్ళాం భుజం మీద చేయి వేసి నించున్నాడు. ఎలా జరిగిందని డాక్టరమ్మ అడిగితే, "మెట్ల మీంచి పడ్డాను," అంది కోడలు. ఆ మాట చెప్పేటప్పుడు ఎవరి వైపూ చూడలేదు. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్ముని వెలుతురుకి పట్టి చూసి, చిట్లిన పెదవి చూసి, కన్ను కింద ఆకుపచ్చకి తిరిగిన మచ్చ చూసి, బయటికెళ్ళింది. కాసేపటికి ఆసుపత్రిలోనే కూర్చునే పోలీసాఫీసరు వచ్చింది. నడివయసు మనిషి, కళ్ళజోడు, చేతిలో కలం.

"మెట్ల మీంచే పడిందండీ," అన్నాడు కొడుకు, మర్యాదగా. "మా అమ్మ ఇంట్లోనే ఉంది. కావాలంటే అడగండి."

ఆఫీసరు ఆమె వైపు తిరిగింది. "మీరు చూశారా అమ్మా?"

వాడు తల్లి వైపు చూసి చిన్నగా తలూపాడు. చిన్నప్పుడు వీధిలో ఎవరి తలో పగలగొట్టి వచ్చి, ఆమె వెనక నక్కి, నేను ఇంట్లో లేనని చెప్పు అన్నప్పుడు ఊపినట్టే ఊపాడు. ఆమె భుజం సలుపుతోంది.

"చూశాను," అంది. "వీడే విరిచాడు. చేత్తో తిప్పి విరిచాడు."

ఆఫీసరు కలం మూత తీసింది.

"అమ్మా, నీకు మతి పోయిందా?"

"అంతకుముందు జరిగినవి చూడలేదు," అందామె ఆఫీసరుతోనే. "విన్నాను. మా షాపు కిందే. అన్నీ వినపడతాయి."

కొడుకు ఒక్క అడుగు ఆమె వైపు వేశాడు. ఆఫీసరు మధ్యలోకొచ్చి, బయట ఉన్న కానిస్టేబుల్ని పిలిచింది. వాడిని తీసుకెళ్తుంటే వాడు పెళ్ళాం వైపు చూడలేదు. తల్లినే చూస్తూ వెళ్ళాడు. ఆమె అక్కడున్న ఎత్తుపీట మీద కూర్చుని, అది చక్రాలున్న పీట కాబట్టి కదిలిపోతుంటే, రెండు కాళ్ళూ నేలకి అదిమి పట్టింది.

ఇంటికి వచ్చాక కోడలు పైన గదిలో మంచం మీద కూర్చుని, కట్టు వేసిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, అత్త అందించిన గ్లాసు తీసుకోలేదు.

"మిమ్మల్ని ఎవరు చెప్పమన్నారు?" అంది.

అత్త గ్లాసు బల్ల మీద పెట్టింది.

"నాలుగు రోజుల్లో వదిలేస్తారు. వచ్చాక నా గతేమిటి?" ఆ పిల్ల గొంతు హెచ్చలేదు. "మొదట్లో మీకు వినపడాలనే గట్టిగా అరిచేదాన్ని. ఇప్పుడు వస్తారు, ఇప్పుడు వస్తారు అని మెట్ల వైపే చూసేదాన్ని. మీరు రారని అర్థమయ్యాక అరవడం మానేశాను. అరిస్తే ఆయనకి ఇంకా కోపం, అంతే."

"నాకు వినపడింది."

"తెలుసు."

"బండి వల్లే అనుకున్నాను," అంది బ్యాటరీ అక్క. అన్నాక ఆ మాట ఎలా ఉందో ఆమెకే వినిపించింది. కిటికీ దగ్గరున్న కుర్చీని చూసింది. "కాదు. అలా అనుకుంటే నాకు పని దొరికేది. అందుకే అనుకున్నాను."

కోడలు ఆమె వైపు చూసింది. క్షమించిన చూపు కాదది. ఇప్పటిదాకా తలుపు వేసి ఉన్న గదిలో మనిషి ఉన్నట్టు తెలిసినప్పుడు చూసే చూపు.

"వాడు వచ్చినప్పుడు మెట్ల దగ్గర నేనుంటాను," అంది అత్త.

"ఉంటే?"

అత్త లేచి అన్నం పళ్ళెం తెచ్చింది. ఎడమచేత్తో తినలేకపోతున్న ఆ పిల్లకి ముద్దలు కలిపి పెట్టబోతే, కోడలు పళ్ళెం తన వైపు లాక్కుని, ఒలకబోసుకుంటూ తనే తింది.

*

అనుకున్నట్టే వదిలేశారు. వాడొస్తున్నాడని పంక్చర్ల పెద్దాయన ముందే వచ్చి చెప్పాడు. ఆమె బండిని రోడ్డు మీదికి తీసి స్టాండు వేసి, వాడి బట్టలు సర్దిన సంచిని వెనక సీటుకి తాడుతో కట్టింది. తాళం బండికే ఉంచింది. తరవాత వెళ్ళి మెట్ల మొదట్లో నించుంది.

వాడు గడ్డం పెరిగి, నలిగిన చొక్కాతో వచ్చాడు. బండినీ సంచినీ చూశాడు.

"ఏమిటిది?"

"నీ బట్టలు. బండి మీ నాన్నది, నీదే. తీసుకెళ్ళు."

"జరుగు. పైకెళ్ళాలి."

"పైకి నీకు దారి లేదు."

"ఇది నా ఇల్లు."

"నాది," అందామె. "ఇన్నాళ్ళూ నాది కాదన్నట్టు కింద కూర్చున్నాను."

వాడు నవ్వాడు. భుజం పట్టుకుని పక్కకి లాగబోయాడు, దెబ్బ తగిలిన భుజమే. ఆమె మెట్ల కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. అప్పుడు కొట్టాడు. అరచెయ్యి కాదు, పిడికిలి. ఆమె తల కమ్మీకి తగిలి నోట్లోకి ఉప్పటి రుచి వచ్చింది. వాడు తనని ఎప్పుడూ కొట్టలేదు. దెబ్బ ఇంత బరువుగా ఉంటుందని ఆమెకి తెలియదు. పైనుంచి ఆ చప్పుళ్ళు అన్ని నెలలు విన్నా, ఒక్కో చప్పుడు వెనక ఇంత బరువుందని తెలియలేదు. చేతులు మాత్రం కమ్మీని వదల్లేదు.

రెండోసారి చేయి లేచేసరికి పంక్చర్ల పెద్దాయన వచ్చి గుమ్మంలో నించున్నాడు. టైరు ఊడదీసే ఇనుప పట్టీ చేతిలో ఉంది. దాన్ని ఎత్తలేదు. "చాలు నాయనా," అన్నాడు. ఆయన వెనక రోడ్డు మీద ఇంకొకరు ఆగారు. ఎదురు మేడ మీద ఎవరో కిటికీ తీశారు.

వాడు చుట్టూ చూశాడు. అందరూ చూస్తున్నారు. వంతెన దగ్గర తనని చూసినట్టే చూస్తున్నారు. చేయి దించి, "మళ్ళీ వస్తాను," అని బండి దగ్గరికి వెళ్ళాడు. ఒక్క కిక్కుకి ఇంజను లేచింది. వీధి మలుపు తిరిగేదాకా ఆమె వద్దనుకుంటూనే ఆ శబ్దం విన్నది. ఎక్కడా తడబడలేదు.

పెద్దాయన కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూర్చోకుండా నోట్లోని రక్తం ఉమ్మి, పైపంటి మీద నాలుక ఆనించి చూసుకుంది. కదులుతోంది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. కోడలు చెప్పులేసుకుని, కట్టు వేసిన చేతిని మెడకి వేలాడగట్టుకుని దిగొచ్చింది. తలుపు సందులోంచి అంతా చూసినట్టుంది, మొహం పాలిపోయి ఉంది. అత్త పెదవి పగిలి ఉండడం చూసింది.

"నడవగలరా?"

"ఎక్కడికి?"

"ఆ ఆఫీసరమ్మ దగ్గరికి."

"నేను చెప్తాలే. నువ్వు విశ్రాంతి తీసుకో."

"మీరు చెప్పింది ఒక్కరోజుదే అత్తయ్యా," అంది కోడలు. "మిగతావన్నీ నాకు తెలుసు. నేను మాట్లాడతాను. మీరు పక్కన కూర్చోండి."

ఒక టాక్సీ డ్రైవరు ఛార్జింగుకిచ్చిన బ్యాటరీ కోసం వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, రోడ్డు మీదే ఆగిపోయాడు. "రేపు రండి, ఇవాళ పనుంది," అంది బ్యాటరీ అక్క. లోపలికెళ్ళి ఛార్జింగు మీటలు ఒక్కొక్కటీ ఆపేసింది. బుడగలు సద్దుమణిగాయి. షట్టరు సగం దిగి, ఎప్పట్లాగే బిగుసుకుపోయింది. దెబ్బ తిన్న భుజంతో ఆమెకి లాగడం కాలేదు. కోడలు పక్కకొచ్చి, ఎడమచేయి వేసి, బరువంతా దాని మీద మోపింది. అది కీచుమంటూ నేలకి దిగింది.